మోడల్ రైల్వే గదికి లైట్లు: ఫ్యాను కింద, బల్ల అంచు మీద

మోడల్ రైల్వే కట్టేవాళ్లలో చాలామంది లైట్ల సంగతి చివరికి వదిలేస్తారు. పట్టాలు పరిచి, కొండలు కట్టి, గడ్డి అతికించాక చూస్తే ఇంజను పైకప్పు మెరుస్తూ ఉంటుంది, బోగీల పక్కలు మాత్రం చీకట్లో ఉంటాయి. సరే అని స్లాబుకి ఇంకో ట్యూబ్‌లైటు బిగిస్తారు. గదిలో వెలుగు పెరుగుతుంది, బోగీల పక్కలు అలాగే నల్లగా ఉండిపోతాయి. లోపం వాట్లలో లేదు, లైటు పెట్టిన చోటులో ఉంది. చోటు సరిగ్గా కుదిరితే మామూలు 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులతోనే గది అద్భుతంగా వెలుగుతుంది. బిగించడం కూడా కష్టమేమీ కాదు.

లెక్కలు చెప్పడానికి మన ఫ్లాట్లలో మామూలుగా ఉండే గదినే తీసుకుందాం. 12 × 10 అడుగుల పడకగది, 10 అడుగుల ఎత్తున స్లాబు, మధ్యలో 48 అంగుళాల ఫ్యాను. తలుపున్న 10 అడుగుల గోడ వదిలేసి మిగిలిన మూడు గోడల వెంట 24 అంగుళాల వెడల్పు బల్ల. బల్ల ఎత్తు నేల నుంచి 46 అంగుళాలు. హెచ్‌ఓ స్కేలు, అంటే అసలు రైలులో 87వ వంతు (1:87), అయినా ఎన్ స్కేలు, అంటే 160వ వంతు (1:160), అయినా లైటు లెక్క ఒకటే.

లైటు ఎక్కడ ఉండాలి

బల్ల ముందు అంచుకి సరిగ్గా పైన, నేల నుంచి 84 అంగుళాల ఎత్తున, అంటే 7 అడుగుల దగ్గర ఉండాలి. ఈ చోటే ఎందుకో తెలుసుకుంటే మీ గది కొలతలు వేరైనా సొంతంగా లెక్క వేసుకోగలరు.

గది మధ్యలో స్లాబుకి లైటు ఉంటే అది మీ వీపు వెనక పడుతుంది. పట్టా తప్పిన బోగీని ఎక్కించడానికి వంగగానే మీ తల నీడ ఆ బోగీ మీదే పడుతుంది. లైటుని గోడకి ఆనించి, బ్యాక్‌డ్రాప్, అంటే బల్ల వెనక గోడ మీది ఆకాశం బొమ్మ, మీదుగా పెడితే ఆకాశం బొమ్మ తెల్లగా వెలిగిపోతుంది, రైలు ఎదురు వెలుగులో నల్లటి నీడలా కదులుతుంది. ముందు అంచు మీద పెడితే వెలుగు మీ ముఖం ముందు నుంచి కిందికీ, వెనక్కీ పడుతుంది. మీరు చూసే పక్కే వెలుగుతుంది.

నీడల లెక్కా ఇక్కడే తేలుతుంది. లైటు బల్ల మీద నుంచి 38 అంగుళాల ఎత్తున, గోడకి 24 అంగుళాల దూరంలో ఉంటే, 4 అంగుళాల ఎత్తున్న స్టేషన్ భవనాన్ని బ్యాక్‌డ్రాప్‌కి రెండున్నర అంగుళాలు ఎడంగా పెట్టండి. దాని నీడ బల్ల మీదే ఆగిపోతుంది, ఆకాశం మీదికి ఎక్కదు. ఎత్తైన గోడౌనుకైనా సిగ్నల్ క్యాబిన్‌కైనా ఎత్తులో దాదాపు మూడింట రెండొంతుల ఎడం వదిలితే చాలు. ఆకాశం మీద భవనం నీడ కనిపించిన క్షణాన దూరం అనే భ్రమ పోతుంది. ఫొటోలో అయితే అది మరీ కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

ఇక ఫ్యాను. విదేశీ సలహాలు చదివి లైట్లు పెట్టేవాళ్లు దీన్ని మరిచిపోతారు. మన గదుల్లో ఫ్యాను రెక్కలు నేల నుంచి సుమారు ఎనిమిదిన్నర అడుగుల ఎత్తున తిరుగుతాయి. ట్యూబు స్లాబుకి ఉంటే ఎదుటి గోడవైపు వెళ్లే వెలుగుని రెక్కలు కోస్తూ ఉంటాయి. బల్ల మీద సన్నటి అదురు కనిపిస్తుంది, అరగంటలో కళ్లు లాగుతాయి, వీడియో తీస్తే బ్యాక్‌డ్రాప్ మీద నీడలు పరిగెడతాయి. లైటు 7 అడుగులకి దిగితే రెక్కలు దాని పైనే ఉండిపోతాయి కాబట్టి ఆ బెడద ఉండదు. వేసవిలో ఫ్యాను ఆపి రైలు నడపడం మనవల్ల కాదు కదా.

ఎన్ని ట్యూబులు

ఈ గదిలో పొడుగు గోడల వైపు బల్ల ముందు అంచు చెరో 10 అడుగులు, అడ్డ గోడ వైపు 6 అడుగులు, మొత్తం 26 అడుగులు. పొడుగు వైపులకి రెండేసి 4 అడుగుల ట్యూబులు, ఒక్కో 2 అడుగుల ట్యూబు పడతాయి. అడ్డ వైపుకి 4 అడుగులది ఒకటి, 2 అడుగులది ఒకటి. అంటే 20 వాట్లవి ఐదు, 10 వాట్లవి మూడు, మొత్తం 130 వాట్లు. 230 వోల్టుల మీద ఇది 0.6 ఆంపియర్లు కూడా కాదు. ఉన్న లైటు సర్క్యూటే సరిపోతుంది, కొత్త లైను లాగక్కర్లేదు.

20 వాట్ల ట్యూబు దాదాపు 2000 ల్యూమెన్ల వెలుగు ఇస్తుంది. అందులో బల్ల మీద ఎంత పడిందో చెప్పే కొలత లక్స్. ఖాళీ లేకుండా వరసగా పెడితే 38 అంగుళాల కింద, బల్ల ముందు అంచు దగ్గర 800 లక్స్‌కి అటూ ఇటుగా, వెనక గోడ దగ్గర 500 లక్స్ దాకా వస్తుంది. సన్నటి అక్షరాలు చదవడానికి, కప్లింగ్ సరిచేయడానికి ఇది హాయిగా సరిపోతుంది. అవే ట్యూబుల్ని స్లాబుకి బిగిస్తే ఎత్తు దాదాపు రెట్టింపై బల్ల మీద వెలుగు సగానికి పడిపోతుంది. అప్పుడు రెండు వరసలు కావాలి, ఖర్చూ రెట్టింపే.

ఎనిమిదింటి బదులు ఐదే కొని మధ్య మధ్య ఖాళీ వదులుదామని అనిపిస్తుంది. అలా చేయకండి. రెండు ట్యూబుల మధ్య అడుగు ఖాళీ ఉన్నా రైలు ఒక వెలుగు మడుగులోంచి ఇంకో మడుగులోకి వెళ్తున్నట్టు ఉంటుంది. ప్రయాణం సాఫీగా కనిపించాలంటే వరస తెగకూడదు. మూలల్లో మాత్రం రెండు వరసల వెలుగు కలుస్తుంది కాబట్టి అక్కడ 4–5 అంగుళాల ఖాళీ ఉన్నా పట్టించుకోనక్కర్లేదు.

బల్ల వెడల్పు 30 అంగుళాలైతే వెనక వెలుగు ముందుదానిలో సగానికి దిగుతుంది. అలాంటి చోట లైటుని ఇంకో 6 అంగుళాలు పైకి జరిపితే తేడా తగ్గుతుంది. 18 అంగుళాల ఎన్ స్కేలు బల్లకి ఈ చింతే లేదు.

ఏ ట్యూబు కొనాలి

డబ్బా మీద పేరు నమ్మకండి, అంకె చూడండి. మన దుకాణాల్లో ‘కూల్ డే లైట్’ అంటే చాలావరకు 6500 కెల్విన్ (ఇది వెలుగు రంగు కొలత, అంకె పెరిగేకొద్దీ వెలుగు పసుపు నుంచి నీలం వైపు జరుగుతుంది). అమెరికాలో ‘కూల్ వైట్’ అంటే 4000 కెల్విన్. లేఅవుట్‌కి, అంటే బల్ల మీది మోడల్‌కి, కావాల్సింది 4000. డబ్బా మీద న్యూట్రల్ వైట్ అనో నేచురల్ వైట్ అనో ఉంటుంది. 6500 కింద తెలంగాణ చెలకల ఎర్రమట్టి వెలిసిపోయి బూడిదరంగుకి తిరుగుతుంది, అరకు కొండల పచ్చదనం నీలం కలిసినట్టు ఉంటుంది. 3000 కింద ఐసీఎఫ్ (చెన్నై ఫ్యాక్టరీ పాతరకం) బోగీల ముదురు నీలం దాదాపు నల్లగా మారుతుంది. దుకాణంలో 6500 మాత్రమే నిల్వ ఉండి, 4000 తెప్పించడానికి రెండు రోజులు ఆగమంటే ఆగండి.

రెండో అంకె సీఆర్‌ఐ, అంటే ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో 100కి చెప్పే కొలత. 80 కన్నా తక్కువైతే వద్దు, 90 దొరికితే అదే తీసుకోండి. రంగుల్లో ముందు చెడేది ఎరుపు. అందుకని దుకాణానికి వెళ్లేటప్పుడు ఒక ఎర్రటి రాజధాని ఎల్‌హెచ్‌బీ (కొత్తరకం) మోడల్ బోగీ సంచిలో వేసుకెళ్లి, వెలిగించిన ట్యూబు కింద పెట్టి చూడండి. ఎరుపు ఇటుకరంగులోకో గోధుమరంగులోకో దిగితే ఆ ట్యూబు వదిలేయండి.

మూడోది అదురు. చవక డ్రైవరు (ఎల్‌ఈడీకి తగ్గట్టు కరెంటుని మార్చే లోపలి సర్క్యూటు) ఉన్న ట్యూబులు సెకనుకి 100 సార్లు అదురుతాయి. కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. ఫోనులో స్లో మోషన్ వీడియో పెట్టి ట్యూబు వైపు 5 సెకన్లు తీయండి. వెలుగు కొట్టుకున్నట్టు కనిపిస్తే, చారలు పాకితే, అది మీ రైలు వీడియోలన్నిట్లోనూ ఉంటుంది.

నాలుగోది ట్యూబు మీద బీఐఎస్ గుర్తు, దాని దగ్గర ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు. అది లేని సరుకు కొనొద్దు. మీ ఊళ్లో వోల్టేజి ఎక్కువ తక్కువలు ఉంటే 100 నుంచి 300 వోల్టుల దాకా తట్టుకుంటుందని రాసి ఉన్నదాన్ని ఎంచుకోండి. ఎల్‌ఈడీ దీపాల కన్నా ముందు పోయేది డ్రైవరే.

ఎనిమిదీ ఒకే కంపెనీవి, ఒకేసారి కొనండి, పైన ఇంకో రెండు తీసి దాచుకోండి. రెండేళ్ల తర్వాత ఒకటి పోయి కొత్తది తెస్తే, 4000 అనే రాసి ఉన్నా రంగులో తేడా తెలిసిపోతుంది. పాత 36 వాట్ల ట్యూబు పట్టీ ఉంది కదా, అందులో ఎల్‌ఈడీ ట్యూబు పెడదామంటే చోకు, స్టార్టరు తీసి వైరింగ్ మార్చాలి. ఆ శ్రమకన్నా పట్టీతో కలిపి వచ్చే కొత్త బ్యాటెన్ తేలిక.

5 మీటర్ల చుట్ట ఎల్‌ఈడీ స్ట్రిప్పు ప్రధాన వెలుగుకి పనికిరాదని మా అభిప్రాయం. అతికించడం సులువే, కానీ జిగురు మన ఎండలకి ఆరు నెలల్లో వదులుతుంది. 12 వోల్టుల స్ట్రిప్పు 5 మీటర్లు దాటితే చివర మసకబారుతుంది. రాత్రి దృశ్యానికి నీలం వెలుగు కావాలంటే మాత్రం అదే సరైనది.

చట్రం

కొనాల్సినవి: 2 × 1 అంగుళాల టేకు లేదా పైన్ రీపరు 75 అడుగులు, 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటులో సగం (2 × 8 అడుగులు), 8 మిల్లీమీటర్ల గోడ గిట్టీలు 16, వాటికి రెండున్నర అంగుళాల స్క్రూలు 16, ఒకటిన్నర అంగుళం చెక్క స్క్రూలు ఒక డబ్బా, తెల్ల రంగు, వడ్రంగి జిగురు.

ఒక్కో బ్రాకెట్టు మూడు ముక్కల త్రికోణం. గోడకి నిలువుగా 14 అంగుళాల ముక్క, దాని కింది కొస నుంచి ముందుకి 25 అంగుళాల చెయ్యి, నిలువు ముక్క పై కొస నుంచి చేతి మధ్య దాటేదాకా 24 అంగుళాల ఏటవాలు ముక్క. ఏటవాలు పైనే ఉండాలి. మామూలు అల్మారా బ్రాకెట్టులా కిందికి పెడితే దాని నీడ బ్యాక్‌డ్రాప్ మీద పడుతుంది. కీళ్ల దగ్గర రెండు వైపులా ప్లైవుడ్ ముక్క జిగురుతో, స్క్రూలతో బిగించండి.

ఇలాంటివి ఎనిమిది కావాలి. పొడుగు గోడలకి మూడేసి, అడ్డ గోడకి రెండు. చేతి కింది అంచు నేల నుంచి 85–86 అంగుళాల ఎత్తున వచ్చేలా గోడ మీద ముందు దారంతో గీత కొట్టండి. నేల సమంగా ఉండదు కాబట్టి ప్రతి బ్రాకెట్టునీ నేల నుంచి కొలవకండి. ఒకచోట కొలిచి, మిగతా చోట్లకి నీటి గొట్టంతోనో లెవెల్‌తోనో ఎత్తు తీసుకెళ్లండి.

రంధ్రం వేసే ముందు స్విచ్‌బోర్డులు ఎక్కడున్నాయో చూడండి. గోడలో దాచిన పైపులు బోర్డు నుంచి నిలువుగా పైకి వెళ్తాయి. ఆ నిలువు గీతకి అటూ ఇటూ 6 అంగుళాలు వదిలేయండి. ఏసీ పాయింటు, గీజరు పాయింటు ఉన్న గోడ అయితే అడ్డంగా కూడా పైపు ఉండొచ్చు. ఇటుక గోడలో గిట్టీ ప్లాస్టరు దాటి ఇటుకలోకి దిగాలి, లేకపోతే రంధ్రం లోపలే తిరుగుతుంది. కొత్త అపార్టుమెంట్ల తేలిక బ్లాకు గోడలకి మామూలు గిట్టీ నిలవదు. బ్లాకు కోసమే వచ్చే పొడుగు 10 మిల్లీమీటర్ల గిట్టీ తీసుకుని, డ్రిల్లులో హ్యామర్ ఆపి రంధ్రం వేయండి.

బ్రాకెట్టు చేతుల కింద, గోడకి సమాంతరంగా ఒక రీపరు పొడవునా పడుకోబెట్టి స్క్రూలు వేయండి. ట్యూబుల క్లిప్పులు దీనికే. చేతుల ముందు కొసలకి 6 అంగుళాల వెడల్పు ప్లైవుడ్ అడ్డపట్టీ బిగించండి. దాని కింది అంచు నేల నుంచి 80 అంగుళాల దగ్గర ఉండాలి. ట్యూబు దాని వెనక రెండున్నర అంగుళాలకి మించి దూరంగా ఉండకూడదు. బల్లకి అడుగు దూరంలో నిలబడ్డ మనిషి కళ్లు 62 అంగుళాల ఎత్తున ఉంటాయనుకుంటే, ఈ కొలతల్లో ట్యూబు కంటికి కనిపించదు. ట్యూబు కనిపిస్తే కంటిపాప ముడుచుకుంటుంది, ఎంత వెలుగున్నా లేఅవుట్ మసకగానే అనిపిస్తుంది. అడ్డపట్టీ లోపలి వైపు తెల్ల రంగు రెండు పూతలు, బయటి వైపు ముదురు రంగు వేయండి.

చిన్నపిల్లలు చూస్తారా? వాళ్ల కళ్లు 40 అంగుళాల దగ్గర ఉంటాయి, కిందనుంచి ట్యూబు కనిపిస్తుంది. వాళ్ల కోసం అడ్డపట్టీని ఇంకా కిందికి దింపకండి, పెద్దవాళ్ల నుదురు తగులుతుంది. ఒక ముక్కాలిపీట వేయడం మేలు.

వైరింగ్

మెయిన్ ఆపి, టెస్టరుతో చూసి, తర్వాతే ముట్టుకోండి. 230 వోల్టుల పని చేయడం అలవాటు లేకపోతే చట్రం, క్లిప్పుల వరకు మీరు చేసి కనెక్షన్‌కి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. అరపూట పని కూడా కాదు.

గదిలో ఉన్న పాత ట్యూబ్‌లైటు పాయింటు నుంచి ఫేజు, న్యూట్రల్, ఎర్తు మూడూ తీసుకోండి. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరుని గోడ మీద కేసింగ్ పట్టీలో పెట్టి 7 అడుగుల ఎత్తుకి దింపి, రీపరు మీదుగా లాగండి. ట్యూబులన్నీ పారలల్‌లో ఉండాలి. ఒకదాని కొస ఇంకోదానికి పిన్నుతో తగిలే రకమైతే, ఎన్నింటిదాకా కలపొచ్చో డబ్బా మీద ఉంటుంది, దాన్ని దాటకండి. వైరు మెలేసి టేపు చుట్టడం వద్దు, కనెక్టరులో స్క్రూ బిగించండి. అల్యూమినియం ఒళ్లున్న ట్యూబుకి ఎర్తు తప్పనిసరి. చతురస్రంలో చతురస్రం గుర్తున్న ప్లాస్టిక్ ట్యూబుకి అక్కర్లేదు.

రైలు కంట్రోలు వైర్లని ఈ పట్టీలో దూర్చకండి. డీసీసీ (డిజిటల్ రైలు కంట్రోలు) ప్రధాన వైర్లు బల్ల కిందే, 230 వోల్టులు పైనే. ఎక్కడైనా దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి, పక్కపక్కన నడపకండి.

నీలం స్ట్రిప్పుకి వేరే స్విచ్చు పెట్టండి. మీటరుకి 4.8 వాట్ల రకం 8 మీటర్లకి 38 వాట్లు తీసుకుంటుంది, 12 వోల్టుల 5 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (230 వోల్టుల్ని 12 వోల్టుల డీసీగా మార్చే పెట్టె) సరిపోతుంది. కరెంటుని వరస మధ్యలో ఇచ్చి రెండు వైపులా 4 మీటర్ల చొప్పున నడిపితే చివర్లు మసకబారవు. ట్యూబులు ఆపి ఇది వేస్తే స్టేషన్ దీపాలు, బోగీ కిటికీలు వెలుగుతూ కనిపిస్తాయి. ఇన్ని రోజుల శ్రమ ఆ ఒక్క నిమిషంలో తీరిపోతుంది.

తేడాలు వస్తే

స్విచ్చు ఆపాక కూడా ట్యూబులు సన్నగా వెలుగుతుంటే స్విచ్చు న్యూట్రల్‌లో పడిందన్నమాట, ఫేజులోకి మార్చాలి. లేదా స్విచ్చులో చిన్న ఎర్ర దీపం ఉండి ఉంటుంది, మామూలు స్విచ్చు పెట్టండి. వెలుగు తగ్గించాలని ఫ్యాను రెగ్యులేటరు తగిలిస్తే మామూలు ట్యూబులు కొట్టుకుంటాయి, డ్రైవరు పోతుంది. ‘డిమ్మబుల్’ అని రాసి ఉన్నవాటికి మాత్రమే, వాటికి సరిపోయే డిమ్మరుతో చేయండి. ఒక్క ట్యూబే టపటపా కొట్టుకుంటే దాన్ని పక్క ట్యూబుతో మార్చి చూడండి. జబ్బు ట్యూబుతోపాటు కదిలితే డ్రైవరుది, అక్కడే ఉండిపోతే కనెక్టరు వదులుది. గడ్డి, చెట్ల రంగు వెలిసిపోతుంటే ఎల్‌ఈడీని అనుమానించకండి, కిటికీలోంచి వచ్చే ఎండ పని అది. దట్టమైన పరదా వేయండి.

అద్దె ఇంట్లో ఉంటే గోడ ముట్టుకోకుండా ఇదే చట్రం కట్టొచ్చు. బల్ల వెనక కాళ్లకి 2 × 2 అంగుళాల నిలువు కర్రలు స్క్రూలతో కలిపి 8 అడుగుల ఎత్తుకి లేపండి. బ్రాకెట్లు వాటికి తగిలించి, ట్యూబుల్ని ఒక మూడు పిన్నుల ప్లగ్గుకి ఇవ్వండి. ఇల్లు మారేటప్పుడు బల్లతోపాటే విప్పుకుని పోవచ్చు.

అమెరికాలో బేస్‌మెంట్ ఉన్నవాళ్లకి పని ఇంకా తేలిక. సీలింగ్ తక్కువ ఎత్తులో ఉంటుంది, ఫ్యాను గొడవ సాధారణంగా ఉండదు, దూలాలు బయటికే కనిపిస్తుంటాయి. 4 అడుగుల ప్లగ్ పెట్టే షాప్ లైట్లు గొలుసులతో దూలాలకి వేలాడదీసి, బల్ల అంచు పైకి తెచ్చి, ముందు అడ్డపట్టీ కట్టండి. అక్కడ కరెంటు 120 వోల్టులు కాబట్టి 230 వోల్టులకి చేసిన ఇక్కడి మామూలు ట్యూబులు తీసుకెళ్లకండి. ప్లగ్గు వైరుని గోడలోంచో సీలింగ్ పలకల పైనుంచో దాచి లాగడం అక్కడి ఎలక్ట్రికల్ కోడ్ ఒప్పుకోదు, అది బయటికి కనిపిస్తూనే సాకెట్టుదాకా రావాలి.

ఈ పనంతా బల్ల ఖాళీగా ఉన్నప్పుడే, గోడకి ఆకాశం రంగు వేసిన వెంటనే పూర్తి చేయండి. సీనరీ అయ్యాక నిచ్చెన వేయడానికి చోటుండదు, డ్రిల్లు దుమ్ము గడ్డిలో దిగితే మళ్లీ పోదు. లైట్లు ముందుగా ఉంటే రంగులు కూడా వాటి కిందే కలుపుతారు, ఎండలో కలిపిన మట్టిరంగు లోపలికి తెచ్చాక వేరేగా కనిపించే ఇబ్బంది రాదు. చట్రం ఆరాక ఒకసారి ఫోనులో లక్స్ చూపించే యాప్ పెట్టి ముందు అంచు, మధ్య, వెనక మూడు చోట్లా కొలవండి. ఫోను చెప్పే అంకె ఖచ్చితం కాకపోవచ్చు, చూడాల్సింది నిష్పత్తి. వెనక అంకె ముందుదానిలో సగం కన్నా తక్కువైతే, బల్ల మీదికి పట్టాలు చేరకముందే చట్రాన్ని నాలుగు అంగుళాలు పైకి జరపండి.